ధూమపాన చరిత్ర – తొమ్మిదవ భాగము: మౌంట్ ఆల్బర్ట్ నుండి వెడలిన రెండు శాసనములు

పూర్వభాగమున డాల్, హిల్ అను ఇరువురు బ్రిటిషు పరిశోధకులు 1950లో ప్రకటించిన విషయమును, దానిని స్థిరపరచుచు 1962లో లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ వారును, 1964లో అమెరికా సర్జన్ జనరలును వెలువరించిన నివేదికలను పాఠకులు చూచియున్నారు. సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధము ఆనాటికే నిస్సందేహముగా తేలినది. అట్లు తేలిన సత్యము ప్రభుత్వముల చేతికి వచ్చి, శాసనమై, కార్యాలయములలోను, భోజనశాలలలోను, క్రీడారంగములలోను మనుష్యుల దైనందిన జీవనమును మార్చుటకు మాత్రము మరి పాతిక సంవత్సరములు పట్టెను. పెక్కు దేశములలో అంతకంటెను అధికకాలము పట్టెను. ఆ మార్పు ఎట్లు జరిగెనో, ఎక్కడ నిలిచెనో, ఎక్కడ వెనుకకు మరలెనో చూచుటకు ఈ భాగమున న్యూజిలాండు దేశమును, అందును ఆక్లండు నగరమున మౌంట్ ఆల్బర్ట్ అను ఒక్క పేటను ఆశ్రయించి కథ చెప్పదలచితిని. ఏలయన, పొగాకు వర్తకమును అదుపుచేయుటలో ఆ దేశము వేసిన పెద్ద అడుగులలో రెండు, ముప్పదిరెండేండ్ల యెడముతో, ఈ పేటవారు ఎన్నుకొనిన ఇరువురు స్త్రీల కాలముననే పడినవి. మొదటిది నిలిచినది. రెండవది అమలునకు రాకమునుపే రద్దయినది.

మౌంట్ ఆల్బర్ట్ ఒక చల్లారిన అగ్నిపర్వతము పేరు. దాని పాదమున పెరిగిన పేటకును అదియే పేరైనది. విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్ట్ ప్రభువు పేర ఇంగ్లీషువారు పిలిచిన ఆ కొండను ఆ దేశపు ఆదివాసులగు మావోరీలు ఓవైరాకా యందురు. ఎత్తు 135 మీటర్లు. 1880లో రైలుమార్గము ఆ పేటకు వచ్చిన పిమ్మట ఆ కొండ ప్రక్కలనే త్రవ్వి, గుల్లగానున్న అగ్నిశిలల కంకరను పట్టాల క్రింద పరచుటకు తరలించిరి. నేడు కనబడు శిఖరము ఆ త్రవ్వకములలో మిగిలినది. పొరుగుననే యున్న శాండ్రింగ్‌హాం వీథిలో ఇప్పుడు భారతీయుల దినుసుల అంగళ్లును, ఫలహారశాలలును బారులు తీరియున్నవి. ఆక్లండులో కాపురమున్న తెలుగువారికి కందిపప్పునకు, చింతపండునకు, పచ్చళ్లకు ఆ వీథి పరిచితమైనదే.

నియోజకవర్గముగా ఈ పేట 1946లో ఏర్పడినది; ఆనాటినుండి లేబర్ పార్టీని విడిచినది లేదు. 1981లో హెలెన్ క్లార్క్ ఇక్కడినుండి పార్లమెంటునకు వెళ్లెను. నడుమ మూడేండ్లు నియోజకవర్గమునకు ఓవైరాకా యని పేరు మారినను, 2009 వరకు ఆమెయే ప్రతినిధిగా నుండెను. ఆమె తరువాత డేవిడ్ షియరర్, అతని తరువాత 2017 ఫిబ్రవరి ఉపయెన్నికలో జసిండా ఆర్డెర్న్ ఎన్నికైరి. ముగ్గురును పార్టీ నాయకత్వమును వహించిరి, స్త్రీలిరువురును ప్రధానమంత్రులైరి. ఇంత చిన్న పేటకు ఇంతటి రాజకీయ ప్రాధాన్యము అరుదు.

ఇక పొగాకు సంగతి. మావోరీలు పొగాకు నెఱుగరు. వారి పూర్వులు ఆ దీవులకు తెచ్చుకొనిన మొక్కలలో చిలగడదుంప కలదు, చేమ కలదు, పొగాకు లేదు. అది 1769లో కెప్టెన్ కుక్ నౌకతోను, అటుపిమ్మట వచ్చిన తిమింగిలవేటగాండ్రతోను, వర్తకులతోను ఆ తీరములకు చేరి, అచిరకాలముననే నాణెమువలె చెలామణి కాజొచ్చెను. దుంపలకు, పందులకు, అవిసెనారకు, తుదకు భూమికి కూడ పొగాకు మూల్యములో భాగమయ్యెను. 1840 ఫిబ్రవరి 6న వైటాంగీ వద్ద బ్రిటిషు రాణి ప్రతినిధితో మావోరీ నాయకులు ఒడంబడిక చేసికొనినప్పుడు, అచ్చట సాక్షిగానున్న విలియం కొలెన్సో అను మిషనరీ ముద్రాపకుడు వ్రాసియుంచిన దానినిబట్టి, సంతకము చేసిన ఒక్కొక్క నాయకునికి రెండు కంబళ్లును కొంత పొగాకును పంచిపెట్టిరి. ఒక జాతి సార్వభౌమత్వమును గూర్చిన పత్రము ప్రక్కననే పొగాకు కట్టయు నుండుట ఈ చరిత్రలో నన్ను మిక్కిలి కలచివేసిన విషయము. ఆనాడు దానిని ఇచ్చినవారికి గాని పుచ్చుకొనినవారికి గాని అది విషమని తెలియదు. తెలియకపోయినను దాని ఫలము అనుభవింపక తప్పలేదు: ఊపిరితిత్తుల క్యాన్సరు మావోరీ స్త్రీలలో ప్రపంచముననే అత్యధికములైన స్థాయిలలో ఒకదానికి చేరినది.

రోగము పొగాకు నడిచిన దారినే నడచునని చూపుటకు మన దేశముననే యొక ఉదాహరణము కలదు. ఉత్తరాంధ్ర తీరమున, ముఖ్యముగా శ్రీకాకుళము ప్రాంతపు పల్లెలలో, చుట్ట వెలిగించి మండు కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు స్త్రీలలో విస్తారముగా నుండెడిది; అడ్డపొగ యని దానికి పేరు. 1971లో పిండ్‌బోర్గ్ అను డెన్మార్కు దంతవైద్య పండితుడు బొంబాయి పరిశోధకులతో కలిసి అచ్చటి 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి ప్రకటించిన వ్యాసము, అంగిలిలో పుట్టు క్యాన్సరునకు ఈ అలవాటే ప్రధానకారణమని లోకమునకు తెలిపెను. ఇతర ప్రాంతములలో అంగిలి క్యాన్సరు అంత తఱచు కాదు. నిప్పు ఎక్కడ తగిలెనో పుండు అక్కడనే పుట్టినది. మావోరీ స్త్రీయు, శ్రీకాకుళపు మత్స్యకార స్త్రీయు ఒకరినొకరు ఎన్నడును ఎఱుగరు. వారిరువురి దేహములపై ఒకే ఆకు తన చరిత్రను వ్రాసినది.

న్యూజిలాండులో వ్యసనములపై మొదటి పెద్ద పోరు పొగాకుపై గాక మద్యముపై జరిగినది. 1885లో ఏర్పడిన స్త్రీల మద్యపాన నిరోధ సంఘము, కేట్ షెపర్డ్ నాయకత్వమున, ఓటు లేనిదే సారాయంగడి మూతపడదని గ్రహించి, ముందు ఓటుకై పోరాడెను. 1893 సెప్టెంబరు 19న ఆ దేశపు స్త్రీలు పార్లమెంటు ఎన్నికలలో ఓటుహక్కును పొందిరి. స్వపరిపాలనగల దేశములలో అదియే ప్రథమము. శతాబ్దమునకు ఒక యేడు తక్కువగా, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మయు ఆమె తోడి స్త్రీలును సారాదుకాణమును మూయించినప్పుడు వారు కేట్ షెపర్డ్ పేరు వినియుండరు. అయినను మగవాని కూలి ఇల్లు చేరకుండ దారిలోనే కరగిపోవుచున్నదను ఆక్రోశము రెండుచోట్లను ఒక్కటే. ఆంధ్రప్రదేశమున 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. 1997లో రెండవదానిని సడలించిరి. ఆ కథను ఈ ధారావాహికలో మఱియొకచోట విపులముగా చెప్పవలసియున్నది.

న్యూజిలాండు స్త్రీలకును సంపూర్ణ విజయము చిక్కలేదు. 1911 ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 55.8 మంది నిషేధమును కోరిరి గాని, చట్టము నూటికి 60 కావలెననెను. 1919 ఏప్రిలులో సగమునకు మించిన చాలునని నియమము మార్చగా, స్వదేశపు ఓట్ల లెక్క ముగియునప్పటికి నిషేధపక్షమే ముందున్నది. విదేశములనుండి మరలిరాని సైనికుల ఓట్లు వచ్చి, సుమారు 3,000 ఓట్లతో ఫలితమును తలక్రిందులు చేసెను. దేశవ్యాప్త నిషేధము రాకపోయినను, ఊరూర ఓటువేసి అంగళ్లు మూయించుకొను అధికారము జనులకుండెను. మౌంట్ ఆల్బర్ట్ పొరుగున ఈడెన్ వారు 1908లో అట్లు మూయించుకొనిరి. ఇది గాక 1917 డిసెంబరునుండి 1967 అక్టోబరు వరకు, అర్ధశతాబ్దము, సాయంకాలము ఆరు గంటలకే పానశాలలు మూయవలసియుండెను. అయిదింటికి పని విడిచిన శ్రామికుడు ఆ గంటలో త్రాగగలిగినంత త్రాగి ఇల్లు చేరెడివాడు. త్రాగువానిని గడియారముతో కట్టివేసి, అమ్మువాని లాభమును ముట్టకుండ విడిచిన ఆ నియమము త్రాగుడును తగ్గించెనో, దానికి ఉన్మాదవేగమును కలిగించెనో యను సందేహము అర్ధశతాబ్దముపాటు ఎవరికిని తీరలేదు. 1967లో ప్రజలే ఓటువేసి దానిని తొలగించిరి.

పొగాకు విషయమునను తొలి శాసనము సేవించువానివైపు చూచినది. 1903నాటి చట్టము పదునైదేండ్లలోపు బాలురు బహిరంగముగా పొగత్రాగుటను నేరము చేసెను. సిగరెట్టును అంత అందమైన పెట్టెలో పెట్టి ఆ బాలునికి ఆశ చూపినవారెవరు అను ప్రశ్న ఆనాడు పుట్టలేదు. తరువాత రెండు ప్రపంచయుద్ధములు వచ్చినవి. సైనికుని ఆహారపుపొట్లముతోపాటు సిగరెట్టు నడిచెను. దక్షిణ దీవి ఉత్తరపుకొననున్న మొటుయెకా ప్రాంతమున పొగాకు సేద్యము వర్ధిల్లెను. 1963లో రేడియోలోను టెలివిజనులోను సిగరెట్టు ప్రకటనలు ఆగిపోయినవి. 1973లో సినిమాలలోను, వీథిఫలకములపైనను ఆగినవి. 1974లో పెట్టెలపై ఆరోగ్యహెచ్చరికలు వచ్చినవి. 1976 జనాభా లెక్కలలో పొగత్రాగు అలవాటును గూర్చి ప్రశ్న చేర్చగా, పెద్దలలో నూటికి సుమారు 36 మంది త్రాగుచున్నారని తేలినది. మావోరీలలో సగమునకు మించి త్రాగుచుండిరి.

హెలెన్ క్లార్క్ 1989 జనవరిలో ఆరోగ్యమంత్రి యయ్యెను. ఆ యేడే విషపదార్థముల మండలి యను ప్రభుత్వ సలహాసంఘము, ఆరోగ్యశాఖలోని మర్రే లౌగెసెన్ అను వైద్యుని కృషితో, పొగాకు ప్రకటనలను పూర్తిగా మాన్పవలెనని ఒక పెద్ద నివేదికను సమర్పించెను. అనేక దేశముల లెక్కలను పోల్చిచూచి, ప్రకటనలపై ఆంక్షలు గట్టిగానున్నచోట వినియోగము త్వరగా తగ్గుచున్నదని ఆ నివేదిక వాదించినది. మంత్రి దానిని భద్రపఱచి మూలనుంచలేదు. 1990 ఆగస్టులో పొగరహిత పరిసరముల చట్టము పార్లమెంటులో నెగ్గెను.

ఆ చట్టపు నిర్మాణమును కొంచెము నిదానముగా చూడవలెను. కార్యాలయములలో పదిమంది కూడి పనిచేయు గదులలో పొగ నిషిద్ధమయ్యెను; ప్రతి యజమానుడును ఈ విషయమై లిఖితపూర్వకమైన నియమావళిని ఏర్పరచవలసి వచ్చెను. భోజనశాలలలో కనీసము సగము ఆసనములు పొగలేనివిగా ఉండవలెను. పదునారేండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదు. ఈ వయఃపరిమితిని తరువాతి ప్రభుత్వము పదునెనిమిదికి పెంచినది. పత్రికలలో మిగిలియున్న ప్రకటనలు ఆగవలెను. అన్నిటికంటె కఠినమైన విషయము క్రీడలది. ఆనాడు పందెములకు, క్రికెట్టు పోటీలకు, నాట్య సంగీత సభలకు, వస్త్రాలంకరణ ప్రదర్శనలకు సైతము సిగరెట్టు కంపెనీల సొమ్మే ఆధారము. ఆటగాని చొక్కామీద కంపెనీ పేరు ఉన్నంతవరకు ఏ హెచ్చరికయు బాలునికి వినబడదు. సొమ్మును ఒక్కమారుగా ఆపినచో క్రీడాసంఘములు కూలును, కూలినవారు చట్టమునకు శత్రువులగుదురు. కావున ఆరోగ్య ప్రాయోజక మండలి యను ఒక సంస్థను నెలకొల్పి, పొగాకు సొమ్ము పోయినచోట ప్రభుత్వసొమ్మును నిలుపుటకు ఏర్పాటు చేసిరి. ఆడుకొను మైదానమునందు, పాఠశాల విద్యార్థుల రాక్ సంగీత పోటీలయందు సిగరెట్టు పేరు తొలగి, పొగరాహిత్యపు చిహ్నము వెలసినది. మావోరీ భాషలో దానినే ఔవాహి కోరె యని వ్రాసి గ్రామసభామందిరముల ద్వారములయందు తగిలించిరి.

నా దృష్టిలో ఆ చట్టపు బలమంతయు ఈ ఏర్పాటునందే యున్నది. పొగత్రాగువానిని అది దొంగగా చూడలేదు, జరిమానా వేయలేదు, వీథిలో అవమానింపలేదు. త్రాగుటకు ప్రేరేపించు యంత్రాంగమునే పట్టుకొని, ఒక్కొక్క మేకు ఊడబెరికినది. పొగాకు కంపెనీలును, ప్రకటన వ్యాపారులును వాక్స్వాతంత్ర్యము హతమైనదని ఘోషించిరి. అదే యేడు అక్టోబరులో లేబర్ ప్రభుత్వము ఎన్నికలలో ఘోరముగా ఓడిపోయినది. నేషనల్ పార్టీ అధికారమునకు వచ్చినది. ప్రాయోజకత్వము ముగియవలసిన గడువును కొంత పొడిగించినదే గాని, చట్టమును రద్దుచేయ సాహసింపలేదు. అప్పటికి కార్యాలయపు గుమాస్తాకు శుభ్రమైన గాలి రుచి తెలిసినది. క్రీడాసంఘమునకు క్రొత్త ధనము చేతికందుచున్నది. చట్టమునకు ఆత్మీయులు ఏర్పడిరి.

1999లో క్లార్క్ ప్రధానమంత్రి యయ్యెను. ఆమె కాలముననే 2003లో చేసిన సవరణ 2004 డిసెంబరు 10 నాడు అమలునకు వచ్చి, పానశాలలు, భోజనశాలలు, జూదగృహములు అన్నిటిలోపలను పొగను మాన్పించినది. అంతకు కొలదినెలల మునుపే ఐర్లండు, నార్వే ఈ పని చేసియున్నవి. వ్యాపారము నశించునని యజమానులు భయపడిరి. అయితే ఈ మారు వాదమునకు కేంద్రము గిరాకిదారుడు కాడు; రాత్రి తెల్లవార్లు పరుల పొగను పీల్చుచు గ్లాసులు అందించు పనివారు. కార్ఖానాలో విషవాయువునుండి శ్రామికుని కాపాడు శాసనము పానశాలలోని పరిచారికను ఏల కాపాడరాదను ప్రశ్నకు సమాధానము దొరకలేదు. భారతదేశమున 2003లో పార్లమెంటు చేసిన పొగాకు చట్టమును, 2008 అక్టోబరు 2నుండి బహిరంగస్థలములందు పొగను నిషేధించు నియమములును ఈ వరుసలోనివే.

తరువాతి ఘట్టమున నాయకత్వము మావోరీలకే చెందినది. హోనె హరవీర మొదలగువారి పట్టుదలవలన పార్లమెంటులోని మావోరీ వ్యవహారముల సంఘము పొగాకు పరిశ్రమపై విచారణ జరిపి, తమ ప్రజకు ఆ పరిశ్రమ చేసిన హానిని 2010లో ఒక నివేదికగా వెలువరించినది. దానికి సమాధానముగా 2011 మార్చిలో నేషనల్ ప్రభుత్వమే 2025 నాటికి దేశము పొగరహితము కావలెనను లక్ష్యమును స్వీకరించెను. నూటికి అయిదుగురికంటె తక్కువ మంది మాత్రమే పొగత్రాగు స్థితి యని దానికి అర్థము చెప్పుకొనిరి. సహాయ ఆరోగ్యమంత్రి తరియానా తురియా ప్రేరణమున దుకాణములలో సిగరెట్టు పెట్టెలు కంటబడకుండ బీరువాలలో మూయబడినవి. 2018 మార్చినుండి పెట్టెలన్నియు ఒకే కాంతిహీనమైన రంగును దాల్చినవి. ఏటేట పన్ను నూటికి పదివంతున పెరుగుచు, 2020 నాటికి ఇరువది సిగరెట్ల పెట్టె ధర ముప్పది డాలర్లు దాటెను.

ఈ పన్నును గూర్చి కొంత ఆగి చెప్పవలసియున్నది. ధర పెరిగినకొలది అలవాటు తగ్గునని ఆర్థికశాస్త్రము చెప్పినది, అట్లే తగ్గినది కూడ. కాని మానలేనివాడు సాధారణముగా పేదవాడు. అతడు పిల్లల పాలసొమ్ములోనుండి ఆ ముప్పది డాలర్లను తీయును. మఱియు సిగరెట్టు పెట్టె బంగారమైన పిమ్మట దానిని అమ్ము చిన్న దుకాణము దొంగలకు గురియైనది. న్యూజిలాండులో డెయిరీ యని పిలువబడు వీథిమూల చిల్లర దుకాణములను నడుపువారిలో భారతీయులు పెక్కుమంది. సిగరెట్టు బీరువాలకై ఆ దుకాణములపై దోపిళ్లు సాగినవి. భార్యాభర్తలు కౌంటరునకు ఇనుపకటకటాలు బిగించుకొని వ్యాపారము చేయు స్థితి వచ్చినది. 2022 నవంబరులో శాండ్రింగ్‌హాంలోని ఒక దుకాణమున పనిచేయుచున్న భారతీయ యువకుడొకడు, గల్లాపెట్టె దోచుకొనిపోవు దొంగను వెంబడించి, కత్తిపోట్లకు బలియయ్యెను. కొలదిదినములకు దేశమంతటను దుకాణదారులు నిరసన తెలిపిరి. మౌంట్ ఆల్బర్ట్‌లోని ప్రధానమంత్రి నియోజకవర్గ కార్యాలయము ముందరను వారు గుమిగూడిరి.

ఆ ప్రధానమంత్రి జసిండా ఆర్డెర్న్. ఆ నిరసనకు రెండు వారములైన పిమ్మట, డిసెంబరు 13న, సహాయ ఆరోగ్యమంత్రి అయేషా వెరల్ నడిపిన బిల్లు, అనుకూలముగా 76, ప్రతికూలముగా 43 ఓట్లు పడగా, నెగ్గెను. అందు మూడు భాగములు. 2009 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి జీవితకాలమున ఎన్నడును పొగాకు అమ్మరాదు. పొగాకు అమ్ము దుకాణముల సంఖ్య సుమారు 6,000 నుండి 600కు తగ్గవలెను. సిగరెట్టులోని నికొటిను గ్రాముకు 0.8 మిల్లీగ్రాములకు మించరాదు. అనగా త్రాగినను వ్యసనము పట్టని స్థితికి దానిని దించవలెను. ఈ మూడవ భాగమే ప్రధానమైనదని నా నమ్మకము. మొదటి భాగము పత్రికల శీర్షికలకెక్కినది గాని, మానలేక బాధపడు నేటి మనుష్యుని సంకెలను విప్పునది మూడవదే. తరతరములుగా ఈ వర్తకమునకు ప్రాణము నికొటినే. ఆకు రుచియు, పెట్టె సొగసును దానికి పరిచారికలు మాత్రమే. ఆ ప్రాణమును ఇట్లు శాసనముతో కొలిచి తగ్గించుటకు ఒక దేశపు పార్లమెంటు ఒప్పుకొనుట అదియే మొదలు.

అయితే దుకాణముల నియమము 2024 జూలైనుండి, నికొటిను నియమము 2025 ఏప్రిలునుండి, జన్మసంవత్సర నియమము 2027 జనవరినుండి అమలు కావలసియుండెను. 2023 జనవరిలో ఆర్డెర్న్ పదవిని విడిచెను. అక్టోబరు ఎన్నికలలో లేబర్ ఓడెను. నేషనల్, యాక్ట్, న్యూజిలాండ్ ఫస్ట్ పార్టీల కూటమి తమ ఒప్పందములోనే ఈ నియమములను తొలగింతుమని వ్రాసికొని, పొగాకు పన్ను రాబడి పన్నుల తగ్గింపునకు తోడ్పడునని చెప్పుటకును సంకోచింపలేదు. 2024 ఫిబ్రవరి చివర త్వరితవిధానమున వానిని రద్దుచేసెను. మూడింటిలో ఒక్కటియైనను ఒక్కనాడైనను ఆచరణమును చూడలేదు.

1990నాటి చట్టము ఏల బ్రతికెను, 2022నాటిది ఏల చనిపోయెను? రెండింటికిని తరువాతి ఎన్నికలలో ఓటమియే ఎదురైనది, పార్టీలును అవే. మొదటిది కొలదినెలలలోనే జనుల ముక్కుకు తగిలిన మార్పు. రెండవది కాగితముమీద నున్న తేదీలు. మొదటిది నష్టపోవు క్రీడాసంఘమునకు ప్రత్యామ్నాయమును చూపినది. రెండవదానియందు ఆరువేల దుకాణములలో అయిదువేల నాలుగువందలకు ఏమి ఆధారమను ప్రశ్న బలముగానే వినవచ్చినది. శాండ్రింగ్‌హాం రక్తము ఆరకముందే వచ్చిన ఆ చట్టమును చూచి దుకాణదారుడు తన భద్రతకు తోడ్పడునని సంతోషింపవలసినది. ఆ మాట అతనికి నమ్మకము కలుగునట్లు చెప్పినవారు చాలినంతమంది లేకపోయిరి. ఇది చెప్పుటకు నాకు కష్టముగానే యున్నది. ఆ చట్టమంతటి ధైర్యము గలది ఈ శతాబ్దమున మఱియొకటి లేదు.

పొగాకును దాటి ఇతర మత్తుపదార్థముల విషయమునకు వచ్చినచో ఈ రెండు మార్గముల భేదము మఱింత స్పష్టమగును. అక్కడ న్యూజిలాండు 1903నాటి పద్ధతినే పట్టుకొనియున్నది. 1975నాటి మాదకద్రవ్యముల చట్టము గంజాయి దగ్గరనుంచుకొనిన యువకుని నేరస్థునిగా చూచును; అట్లు న్యాయస్థానములకెక్కినవారిలో మావోరీలు తమ జనసంఖ్యకు మించి యున్నారు. 2020 అక్టోబరులో గంజాయిని నియంత్రిత విక్రయమునకు తెచ్చు ప్రతిపాదనపై ప్రజాభిప్రాయము కోరగా, 48.4 శాతము ఔననిరి, 50.7 శాతము కాదనిరి. ఔనని బహిరంగముగా వాదించినవారిలో హెలెన్ క్లార్క్ ఒకరు; అదే యేడు ఆమె ప్రపంచ మాదకద్రవ్య విధాన సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. పొగాకును కట్టడిచేసిన మంత్రియే గంజాయికి శిక్షలు తగవనుట కొందఱికి విరోధముగా తోచినది. నాకు అట్లు తోచలేదు. 1990లో ఆమె పట్టుకొనినది వర్తకుని. 2020లో విడిచిపెట్టుమనినది సేవించువానిని. అది ఒకే మనస్సు పలికిన మాట. 2021లో అదే పార్లమెంటు, యువకులు తాము కొనిన మాత్రలలో ఏ విషమున్నదో నిర్భయముగా పరీక్ష చేయించుకొనుటకు చట్టబద్ధమైన కేంద్రములను అనుమతించి, ఆ పని చేసిన తొలిదేశమైనది.

మన వైపు చూచినచో లెక్క సులభము కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో 1920ల నాటినుండి వర్జీనియా పొగాకు పండుచున్నది. రాజమహేంద్రవరమున 1947లో కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసినది. 1976లో పొగాకు బోర్డు ఏర్పడి గుంటూరు దానికి ప్రధానస్థానమైనది. బ్యారనులో ఆకు కాల్చు రైతునకు ఆకు ధర తప్పినచో ఆ యేటి పెండ్లి లేదు, చదువు లేదు. పొగాకు బోర్డును నడుపు ప్రభుత్వమే 2004లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను ధ్రువపరచినది. మొటుయెకాలో పొగాకు పోయినచోట పండ్లతోటలు, హాప్ తోటలు వచ్చినవి. వేలాది తెలుగు రైతుల చేతిలో ఏ పంట పెట్టవలెనో తేల్చుటకు 1990నాటి క్రీడాసంఘముల ఏర్పాటువంటి దొకటి ఇక్కడను కావలెనని నేను గట్టిగా నమ్ముచున్నాను.

మౌంట్ ఆల్బర్ట్ ఉన్న దేశమున దినదినము పొగత్రాగు పెద్దల శాతము 2011–12లో 16.4, 2023–24 నాటికి 6.9. మావోరీలలో అది నూటికి సుమారు 15. ఇంతలో ఆవిరిగొట్టముల అలవాటు పెరిగి, 2023–24 నాటికి నూటికి 11 మంది పెద్దలు దినదినము వేపింగు చేయుచుండిరి. న్యూజిలాండు రాజధానియగు వెల్లింగ్టనులో కొట్టివేయబడిన ఆలోచన చావలేదు: బ్రిటిషు ప్రభుత్వము అదే జన్మదినమును, 2009 జనవరి 1ని, హద్దుగా గొని తన బిల్లును 2024 నవంబరులో పార్లమెంటు ముందుంచినది, మాల్దీవులు 2007 జనవరి 1ని హద్దుగా చేసి 2025 నవంబరు 1నుండి అమలుచేయనారంభించినవి. ఆర్డెర్న్ చట్టము నిలిచియున్నచో 2027లో పదునెనిమిదేండ్లు నిండు న్యూజిలాండు యువకులకు ఏ దుకాణమును సిగరెట్టు అమ్మజాలకుండెడిది. ఇప్పుడు వారు అడిగి కొనవచ్చును.

రాబోవు భాగమున ఈ ఆవిరిగొట్టముల పుట్టుకను, వానిని భారతదేశము 2019లో నిషేధింపగా న్యూజిలాండు పొగాకు మాన్పించు సాధనముగా ఆదరించిన కారణములను చూతము.